తలుపు వెనక కాగితాలు

ఇరవై మూడో ఆకు కత్తిరించేసరికి గుండీకి బొటనవేలు నొప్పి పుట్టింది. ఇంకొక్కటి కత్తిరిస్తే రెండు డజన్లు అవుతాయి. చెట్టు నిండుగా కనిపిస్తుంది.

గుండీ అసలు పేరు కాదు. పుట్టినప్పుడు చిన్నగా, గుండ్రంగా ఉందని అమ్మమ్మ అలా పిలిచింది. దర్జీ ఇంట్లో అంతకన్నా మంచి ముద్దుపేరు ఏం దొరుకుతుంది? ఇప్పుడు పదేళ్లొచ్చి, గుండ్రదనమంతా పోయి పొడుగ్గా సాగినా పేరు మాత్రం ఊడిపోలేదు. అమ్మమ్మ కుట్టిన గుండీలేవీ ఊడవు.

ఇంటి ముందుగది అమ్మమ్మ కొట్టు. రెండు కుట్టుమిషన్లు, పొడవాటి కటింగ్ టేబుల్, ఒక మూల పగిలిన నిలువుటద్దం, గోడ నిండా రంగురంగుల దారపు రీళ్లు. వెనకగదిలో బట్టల తానులుంటాయి. గుండీ ఆ వెనకగదిలోనే నేల మీద కూర్చుని, సోమవారం స్కూల్లో ఇవ్వాల్సిన చార్టు తయారుచేస్తోంది.

టీచర్ చెప్పిన పని ఇది. ఇంట్లో ఉన్న అమ్మనో, అత్తనో, అమ్మమ్మనో ఒకావిడను ఎంచుకోవాలి. ఆవిడ అమ్మానాన్నలెవరు, వాళ్ల అమ్మానాన్నలెవరు, అలా ఎంత వెనక్కి వెళ్లగలిగితే అంత వెనక్కి వెళ్లాలి. చెట్టు బొమ్మ గీసి, ఆవిడ పేరు మాను మీద రాసి, ముందుతరాల వాళ్లలో ఒక్కొక్కరికి ఒక్కో ఆకు అతికించాలి. "పేరొక్కటే రాసుకొస్తే ఒప్పుకోను. ఆ మనిషి మన ఎదురుగా వస్తే టక్కున గుర్తుపట్టేలాంటి సంగతి ఒకటి రాయాలి," అని టీచర్ గట్టిగా చెప్పింది.

గుండీ అమ్మమ్మను ఎంచుకుంది. కానీ ఈ వారం అమ్మమ్మ దొరకడమే కష్టమైపోయింది. బ్యాండ్ మేళం వాళ్ల కోట్లు పద్నాలుగు ఒప్పుకుంది. ఒక్కో కోటుకు పన్నెండు కాజాలు. మీ తాతయ్య ఎలా ఉండేవారని అడిగితే, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని "ఊఁ" అనేది. సూదులు తీశాక, సాయంత్రం తీరిగ్గా కూర్చుని చెబుతానులే అనేది.

గుండీకి ఇష్టమైన సామెత 'ఆలస్యం అమృతం విషం'. అమ్మమ్మకు ఇష్టమైనది 'నిదానమే ప్రధానం'. రెండూ మంచి సామెతలే. కానీ ఒకే ఇంట్లో ఉంటే వాటికి పడదు.

ఆకులకు ఖాకీ కాగితం బాగుంటుందని గుండీకి తోచింది. కొత్త కాగితం చుట్ట పై అరలో ఉంది. అది కావాలంటే అమ్మమ్మను అడగాలి. అడిగితే మళ్లీ సాయంత్రం. ఇంతలో వెనకగది తలుపు వెనక, పెద్ద మేకుకు ఒక కట్ట వేలాడుతూ కనిపించింది. పాత ఖాకీ కాగితాలు. అంచులు చిరిగి, దుమ్ము పట్టి, ఒక్కోటి ఒక్కో వంకర ఆకారంలో ఉన్నాయి. చిత్తుకాగితాలే కదా అనుకుంది. కత్తెర తీసింది.

ఆకులయితే తయారయ్యాయి. మరి వాటి మీద ఏం రాయాలి? గుండీ పెన్ను కాసేపు నమిలింది. తర్వాత తనకు నచ్చినట్టు రాసేసింది.

'అమ్మమ్మ వాళ్ల తాతయ్య: సేనాపతి. గుర్రం దిగేవాడు కాదు.'

'అమ్మమ్మ వాళ్ల నాయనమ్మ: సర్కస్‌లో సింహాలను ఆడించేది.'

'అమ్మమ్మ వాళ్ల నాన్న: ఓడ కెప్టెన్. ఏడు సముద్రాలు చూశాడు.'

అమ్మమ్మ వాళ్లమ్మ గురించి మాత్రం గుండీకి ఒక నిజం తెలుసు. ఈ కొట్టు పెట్టింది ఆవిడే. కానీ సేనాపతి పక్కన అది మరీ చప్పగా ఉందనిపించి, 'రాణిగారికి బట్టలు కుట్టేది' అని ఇంకో ముక్క చేర్చింది. తన తెలివికి తనే మురిసిపోయింది.

మిగిలిన కాగితం ముక్కలన్నీ గుడ్డపీలికల సంచిలో పడేసింది. ప్రతి శనివారంలాగే నాలుగింటికి పరుపుల కొట్టు తాత వచ్చి, ఆ సంచి తీసుకుని వెళ్లిపోయాడు.

అప్పుడే అమ్మమ్మ చివరి కాజా ముగించి, వెనకగదిలోకి వచ్చి ఫ్యాను వేసింది. ఆకులన్నీ గది నిండా ఎగిరాయి. గుండీ వాటి వెంటపడి ఏరుతుంటే, సేనాపతి ఆకు బోర్లా పడింది. వెనకవైపు పెన్సిల్ రాత ఉంది. చాలా పాతది. '...జం అరంగుళం దిగింది' అని ఉంది. సింహాల ఆకు వెనక 'వేరుశెనగ...' అని ఉంది. మిగతాది కత్తెర కింద పోయింది. గుండీకి ఏమీ అర్థం కాలేదు.

అమ్మమ్మ నడుం వంచి సాగదీసుకుని, మంచి హుషారుగా చెప్పుకొచ్చింది. బుధవారం చిన్నమ్మమ్మ వస్తోంది. చిన్నమ్మమ్మ అంటే అమ్మమ్మ చెల్లెలు. ఆవిడకు అరవై నిండుతున్నాయి. పుట్టినరోజుకు ఏం కావాలే అని అడిగితే, తమ అమ్మ వేసుకునేదే, అచ్చం అలాంటి జేబుల కోటు కావాలందట. "అమ్మ కోటుకి కాగితం కటింగ్ మన దగ్గరే ఉంది కదా. దాన్ని గుడ్డ మీద పరిచి కత్తిరించడమే," అంటూ అమ్మమ్మ తలుపు వెనక్కి చెయ్యి పెట్టింది.

మేకు బోసిగా ఉంది.

గుండీ తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. అమ్మమ్మ సొరుగులు తీసి చూసింది. తానుల వెనక వెతికింది. మిషన్ల కింద వంగి చూసింది. చివరికి స్టూలు మీద కూలబడింది.

"నేనే ఎక్కడో పెట్టి మర్చిపోయుంటాను. ఈమధ్య అన్నీ మర్చిపోతున్నాను," అంది తనలో తను. "మా అమ్మకి ఒక్క ఫోటో కూడా లేదు. ఆ కాగితం ఒక్కటే ఉంది. దాన్ని కూడా దాచుకోలేకపోయాను."

గుండీ చాలాసార్లు తిట్లు తిన్న పిల్లే. తిట్లకు పెద్దగా బెదరదు. కానీ అమ్మమ్మ తనను తానే తిట్టుకుంటుంటే చూడలేకపోయింది. ఆకులన్నీ రెండు చేతుల్లోకి తీసుకుని వెళ్లి అమ్మమ్మ ఒళ్లో పెట్టింది.

"నువ్వు మర్చిపోలేదు అమ్మమ్మా. నేనే కత్తిరించేశాను."

అమ్మమ్మ ఒక ఆకు తీసి తిప్పి చూసింది. ఇంకోటి తీసింది. కోపం వచ్చింది, రాకుండా ఎలా ఉంటుంది? కళ్లజోడు తీసి, చీర చెంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. తిట్టేస్తే బాగుండునని గుండీకి మొదటిసారి అనిపించింది.

"మిగతా ముక్కలేవి?" అని అడిగింది చివరికి.

"పీలికల సంచిలో వేశాను."

"సంచి ఏది?"

గుండీ వీధివైపు చూసింది. అమ్మమ్మ కూడా చూసింది.

"అయితే ఇక్కడ నిలబడి ఏం చేస్తున్నావు? పరుగెత్తు."

గుండీ పరుగెత్తింది. సైకిల్ రిపేర్ షాపు దాటి, మందుల షాపు దాటి, క్షవరం కొట్టు దాటి, వీధి చివర పరుపుల కొట్టు దాకా ఆగలేదు. లోపలంతా దూది ఎగురుతోంది. పరుపుల తాత కనుబొమ్మలు, మీసాలు, చెవుల మీది వెంట్రుకలు అన్నీ తెల్లగా ఉన్నాయి. అందులో దూది ఎంతో, ముసలితనం ఎంతో చెప్పడం కష్టం. దూది ఏకే మిషన్ పక్కనే అమ్మమ్మ సంచి మూతి విప్పి ఉంది.

గుండీ ఆయాసపడుతూ, ఆ సంచి ఒకసారి ఊరికే చూడొచ్చా అని అడిగింది. ఏం పోయిందని ఆయన అడిగితే, ఏం లేదంది. ఏం లేకపోతే ఎందుకంత ఆయాసమన్నాడు. వ్యాయామం అంది.

"చల్లకొచ్చి ముంత దాచకు. సంగతేంటో చెప్పు," అన్నాడు తాత.

గుండీ జరిగిందంతా చెప్పేసింది. రెండోసారి చెప్పడం మొదటిసారి కన్నా కొంచెం తేలికగానే ఉంది. తాత మిషన్ ఆపాడు. సంచి నేల మీద బోర్లించాడు. ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని పీలికల్లోంచి కాగితం ముక్కలు ఏరారు. గుండీ పదకొండుసార్లు తుమ్మింది. ముక్కలు మొత్తం నలభై ఒకటి దొరికాయి.

ఇంటికి వచ్చేసరికి గుండీ జుట్టంతా తెల్లగా ఉంది. అమ్మమ్మ ఆ అవతారం చూసి, పెదవి బిగబట్టుకుందామనుకుంది గానీ కుదరలేదు. "ఒక్క పూటలో నాకన్నా ముసలిదానివైపోయావే," అంది. గుండీ ప్రాణం కాస్త కుదుటపడింది.

కొత్త ఖాకీ కాగితం టేబుల్ మీద పరిచారు. చెట్టుకు ఆకులు అతికిద్దామని గుండీ ఉడికించిన మైదా జిగురు సిద్ధంగానే ఉంది. ఆస్పత్రిలో డ్యూటీ దిగి వచ్చిన అమ్మ కూడా సంగతి విని, గుండీ వైపు ఒక చూపు చూసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. నలభై ఒక్క ముక్కలు, ఇరవై నాలుగు ఆకులు. కట్టలో ఉన్నవి ఇంట్లో ఐదుగురి కటింగులు. ఏది ఎవరి భుజమో, ఏది ఎవరి చెయ్యో పోల్చుకుని పక్కపక్కన పెట్టాలి. అమ్మమ్మ గీతలు చూసి పోల్చేది. గుండీ రాతలు చూసి పోల్చేది.

మొదట కుదిరిన కాగితం మీద పెన్సిల్ రాత పూర్తిగా కనిపించింది. 'నాన్న. ఎడమ భుజం అరంగుళం దిగింది. మూటల వైపు.'

"ఇది మా అమ్మ రాత," అంది అమ్మమ్మ. "అమ్మకి నాన్న అంటే నాకు తాతయ్య. రైలు స్టేషన్లో మూటలు మోసేవాడు. మోసి మోసి ఆ భుజం కిందికి దిగిపోయింది. ఏ చొక్కా వేసినా ఒక పక్కకి జారేది. అమ్మ ఆ పక్క అరంగుళం తగ్గించి కుట్టింది. అప్పట్నుంచి ఎంత పెద్దమనిషి చొక్కా కూడా మా తాతయ్య చొక్కా అంత బాగా ఒంటికి కూర్చునేది కాదు."

ఆ మాట అంటూ ఆకు తిప్పి, గుండీ రాసింది చదివింది. అమ్మమ్మ భుజాలు ఊగడం మొదలుపెట్టాయి. నవ్వుతోందని గుండీకి కాసేపటికి గానీ తెలియలేదు.

"సేనాపతా? మా తాతయ్యా? గుర్రం ఎదురొస్తే సందులోకి తప్పుకునేవాడే." కళ్లు తుడుచుకుని, గుండీ చెవి మెల్లగా మెలిపెట్టింది. "మా వాళ్లని వెతకమని టీచరమ్మ చెబితే, వాళ్లనే ముక్కలు చేసి ఆకులు కోశావు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే."

తర్వాతిది, 'అత్తయ్య. జేబు లోతుగా పెట్టాలి. వేరుశెనగలు పెట్టుకుంటుంది.' ఆవిడ అమ్మమ్మకు నాయనమ్మ. వీధిలో పిల్లలు సందు చివరనుంచే ఆ జేబు వాసన పట్టి పరుగెత్తుకొచ్చేవాళ్లట. సింహాలు రాలేదు గానీ ఇరవై మంది పిల్లలు మాత్రం వెంటపడేవాళ్లట. ఇంకో కాగితం మీద, 'ఆయన. చేతులు మోచెయ్యి దాకానే. మిగతా చెయ్యి పిండిలో ఉంటుంది,' అని ఉంది. అమ్మమ్మ వాళ్ల నాన్న రొట్టెల కొట్లో పిండి కలిపేవాడు. ఓడ కాదు కదా, చిన్న పడవ కూడా ఎక్కిన పాపాన పోలేదు. నాలుగోది చిన్నది. 'చిన్నది. అంచు మూడంగుళాలు వదలాలి. ఆగకుండా పెరుగుతోంది.' అది చిన్నమ్మమ్మ ఏడేళ్లప్పటిది.

ఒక్కో కాగితం కుదురుతున్నకొద్దీ గుండీకి సిగ్గు పెరిగింది, ఆసక్తి కూడా పెరిగింది. సేనాపతి కన్నా మూటల తాతయ్యే ఎక్కువ నచ్చాడు. ఎడమ భుజం చూసి ఆయన్ను ఎంత గుంపులోనైనా పట్టుకోవచ్చు.

చివరి కాగితం మీది రాత వేరేగా ఉంది. పెద్ద పెద్ద అక్షరాలు, ఒకటి పైకి, ఒకటి కిందికి. అచ్చం గుండీ రాతలాగే ఉంది. 'అమ్మ. నిలబడమంటే నిలబడదు. రెండు జేబులు. కుడి జేబులో సుద్ద.'

ఇదెవరు రాశారని గుండీ అడిగింది.

"నేనే. అప్పుడు నాకు సరిగ్గా నీ వయసు," అంది అమ్మమ్మ. "మా అమ్మ ఊరందరికీ కొలతలు తీసేది. దర్జీకి ఎవరు తీస్తారు? చిరిగిన కోటే వేసుకుని తిరిగేది. చూడలేక నేనే టేపు పట్టుకుని వెంటపడ్డాను. నేను మొదట కత్తిరించిన కాగితం అదే."

గుండీకి ఇక ఏడుపు ఆగలేదు. అమ్మమ్మ వద్దనలేదు, దగ్గరికి తీసుకుంది. ఆ తర్వాత, జిగురు ఆరిపోతోంది, ఏడుపు సంగతి తర్వాత చూద్దామంది.

ఇల్లు అలకగానే పండగ కాదు కదా. ఆదివారం పొద్దున లెక్క చూసుకుంటే ఒక ముక్క తక్కువైంది. అమ్మమ్మ వాళ్లమ్మ కోటుకు ముందుభాగం, వెనకభాగం, చేతులు, జేబులు అన్నీ ఉన్నాయి. కాలరు లేదు. గుండీ మళ్లీ పరుపుల కొట్టుకు వెళ్లింది. నేలంతా ఊడ్చింది. దారి పొడవునా మురుక్కాలువ అంచులు చూసుకుంటూ వచ్చింది. దొరకలేదు. ఎలా ఉండేదో గుర్తుందా అని అడిగితే, అమ్మమ్మ కళ్లు మూసుకుని ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు.

సోమవారం గుండీ చార్టు మీద నాలుగే ఆకులున్నాయి. పై అరలోని చుట్టలోంచి, అడిగి తీసుకున్న కొత్త కాగితంతో చేసినవి. మిగతా కొమ్మలు ఖాళీ. అమ్మమ్మ వాళ్లమ్మ ఆకు మీద, 'కుడి జేబులో సుద్ద. కాలరు ఎలా ఉండేదో తెలియదు. అడగాలి,' అని రాసింది. పక్కబెంచీ పిల్లాడి చెట్టుకు నలభై ఆకులు, అందులో ఇద్దరు మహారాజులు. గుండీ ఆ మహారాజుల వైపు అనుమానంగా చూసింది గానీ ఏమీ అనలేదు. అనే హక్కు తనకు లేదని తెలుసు.

టీచర్ గుండీ చెట్టు దగ్గర చాలాసేపు నిలబడింది. నాలుగు ఆకులూ చదివి, "అడిగాక వచ్చి నాకూ చెప్పు," అని మాత్రం అంది.

బుధవారం చిన్నమ్మమ్మ వచ్చింది. చిన్నమ్మమ్మ వచ్చిందంటే ముందు గొంతు వస్తుంది, తర్వాత మనిషి వస్తుంది. కోటు ఇంకా పచ్చికుట్టు మీదే, పొడవాటి దారాలతో ఉంది. కాలరు ముక్క లేదు కాబట్టి అమ్మమ్మ అంచనాగా ఒకటి కత్తిరించి గుండుసూదులతో నిలిపింది. చిన్నమ్మమ్మ కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. జేబుల్లో చేతులు పెట్టి చూసుకుంది. ఆమె కళ్లు చెమర్చాయి. అంతలో మెడ తడుముకుంది.

"ఇదేంటే అక్కా? అమ్మ కోటుకి కాలరెక్కడిది?"

అమ్మమ్మ, గుండీ మొహమొహాలు చూసుకున్నారు. గుండీ పెన్సిల్ కోసం పరుగెత్తింది.

చిన్నమ్మమ్మ తీరిగ్గా స్టూలు మీద కూర్చుంది. "నాకు బాగా గుర్తు, నేను ఆ మూలే కూర్చుని చూస్తున్నాను. నువ్వు కాలరు కత్తిరించలేక రెండుసార్లు గుడ్డ పాడుచేశావు. ఎక్కిళ్లు పెట్టి ఏడ్చావు. అప్పుడు అమ్మ ఏమందో తెలుసా? నాకు కాలరు వద్దే తల్లీ, మెడలో టేపు వేసుకుంటాను కదా, కాలరుంటే అడ్డం అంది. అంతే. ఇక బతికినంతకాలం కాలరు లేని కోటే కుట్టుకుంది."

"నేనా ఏడ్చింది?" అంది అమ్మమ్మ. నెమ్మదిగా ఆమె మొహమంతా నవ్వు పరుచుకుంది. "అవును కదా. గుడ్డ పాడుచేసినందుకు అమ్మ ఒక్క మాట కూడా అనలేదు." చెయ్యి చాచి సూదులు తీసేసి, కాలరు పక్కన పెట్టింది. అసలు లేనే లేని ఆ ముక్కకోసమే గుండీ ఆదివారం వీధంతా వెతికింది.

గుండీ అదంతా రాసుకుంది. తర్వాత అతుకుల కాగితాలు ఐదూ తీసుకుని, మేకుకు తగిలించబోయి ఆగిపోయింది. మూటల తాతయ్య ఉన్నాడు. వేరుశెనగల నాయనమ్మ ఉంది. పిండి చేతుల నాన్న, ఆగకుండా పెరిగే చిన్నమ్మమ్మ, సుద్ద జేబు అమ్మ ఉన్నారు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.

"నీది ఏది అమ్మమ్మా?"

"నాకెందుకే? నేను రోజూ ఇక్కడే ఉంటాను కదా," అంది అమ్మమ్మ, బ్యాండ్ మేళం కోటుకు గుండీలు కుడుతూ.

గుండీ పై అర వైపు చూపించి, ఆ చుట్టలోంచి ఒక పెద్ద కాగితం తీసుకోవచ్చా అని అడిగింది. అమ్మమ్మ ఎందుకని అడగలేదు, తల ఊపింది. గుండీ కాగితం టేబుల్ మీద పరిచి, స్టూలు అద్దం దగ్గరికి లాక్కొచ్చి ఎక్కింది. అమ్మమ్మ మెడలోని టేపు అడిగి తీసుకుంది.

"ఇటు వచ్చి నిలబడు. కదలకు."

అమ్మమ్మ నవ్వుతూ నిలబడింది. రెండు నిమిషాలకు మిషన్ వైపు ఒక అడుగు వేసింది. చిన్నమ్మమ్మ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. మళ్లీ నిలబడింది. దారం రీలు కిందపడిందని వంగింది. వీధిలో ఎవరో పిలిస్తే తిరిగింది. ఒక్క భుజం కొలవడానికి గుండీకి ఆరుసార్లు టేపు పెట్టాల్సి వచ్చింది. తొందరపడకుండా ఆరుసార్లూ పెట్టింది.

సాయంత్రానికి తలుపు వెనక మేకుకు ఆరో కాగితం చేరింది. దాని మీద పెద్ద పెద్ద అక్షరాలు, ఒకటి పైకి, ఒకటి కిందికి.

'అమ్మమ్మ. కుడి భుజం పావంగుళం దిగింది. కత్తెర వైపు. కాలరు వద్దు. నిలబడమంటే నిలబడదు.'